నడిమిలంక గంట

అనగనగా అంటే మీరు ఊఁ అనాలి. అనకపోతే నేను చెప్పను. ఆఁ, అన్నారా? అయితే వినండి.

అనగనగా కలువలేరు అని ఒక పెద్ద ఏరు. ఆ ఏటి గట్టున ఒక రాజ్యం. ఏటి నడుమ పది లంకలు. లంకల్లో ఒండ్రుమట్టి నేల, అరటి, పసుపు, కంద, చెయ్యి పెడితే చాలు పంట. కానీ వరద వచ్చిందంటే అంతా నీళ్ళపాలే. ముందుగా కబురు తెలిస్తే జనం పడవలెక్కి గట్టుకు చేరతారు. తెలియకపోతే ఇక చెప్పేదేముంది!

అందుకని రాజుగారు ఒక ఆలోచన చేశారు. ఒక్కో లంకకు ఎదురుగా గట్టు మీద ఒక్కో కంచు గంట కట్టించాలి. ఎగువన నీళ్ళు లేచాయని తెలియగానే కావలివాళ్ళు ఆ గంటలు కొట్టాలి. తొలకరి లోపల పది గంటలూ తయారు కావాలి.

ఈ పనిని రాజుగారు ప్రోలయ్యకు అప్పగించారు. రాజ్యంలో కట్టడాలన్నీ చేయించే పెద్ద అతనే. ప్రోలయ్య చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు అతన్ని తిట్టిపోస్తారని. కష్టపడే మనిషి, చెయ్యి చాచి లంచం పట్టని మనిషి. భార్య పోతే ఒక్కగానొక్క కూతురు పేరమ్మను తల్లీ తండ్రీ తానే అయి పెంచాడు. ఆ పేరమ్మనే నడిమిలంకలో ఒక పసుపు రైతుకు ఇచ్చి పెళ్ళి చేశాడు.

గంటలు కట్టిస్తున్నారని తెలియగానే పేరమ్మ పుట్టింటికి పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా, మా లంక అన్నిటికన్నా దూరం. గంట మాకు వినపడాలి సుమా! నాగోజు తాత చేత పోయించు. కొండకనుమ గంట ఆయన పోసిందే కదా, ఆమడ దూరం వినపడుతుంది. అందులో నా మువ్వ కూడా ఉంది, గుర్తుందా?"

గుర్తులేకేం! నాగోజు ఉండేది కంచరివీధిలో. ఆ వీధికి ఒక ఆచారం ఉంది. గంట పోసే రోజున వీధి వీధంతా కొలిమి దగ్గరికి వస్తుంది. ఆ గంట ఎవరి కోసమో వాళ్ళూ వస్తారు. తలా కాసేపు తిత్తి ఊదుతారు. ఇంట్లో విరిగిన గరిటో, అడుగు పోయిన చెంబో, అరిగిన కడియమో తెచ్చి కరిగే కంచులో వేస్తారు. ఏడేళ్ళ పేరమ్మ అలాగే ఒకనాడు తన కాలిపట్టీ లోంచి ఊడిపోయిన మువ్వ తెచ్చి కంచు కరిగే మూసలో పడేసింది.

కంచు ఎప్పుడు పోయాలో చెప్పేది నాగోజు ఒక్కడే. మూస మీద మంట చిలకపచ్చ రంగుకు తిరిగేదాకా అలా చూస్తూ కూర్చుంటాడు. ఎదురుగా రాజు నిలబడ్డా సరే, "ఇంకా కాలేదు" అంటాడు. ఇక అచ్చు పగిలాక తొలి దెబ్బా అతనిదే. కొయ్యసుత్తితో ఒక్కటి కొట్టి, చెవి ఆనించి, కళ్ళు మూసుకుంటాడు. నచ్చితే నవ్వుతాడు. నచ్చకపోతే అక్కడికక్కడే పగలగొట్టి మళ్ళీ మొదలుపెడతాడు. ఎందుకని ఎవరూ అడగరు.

ప్రోలయ్య నాగోజును సగౌరవంగా కోటకు పిలిపించాడు. పెద్ద కొట్టం, రెండు పూటలా నెయ్యి వేసిన భోజనం, పడుకోను పట్టెమంచం. కొలిమి రాజేశారు. మొదటి గంట పోసే రోజు వచ్చింది. కంచరివీధి జనమంతా గరిటెలూ చెంబులూ పట్టుకుని కోట గుమ్మం దగ్గరికి వచ్చేశారు. ఒకటే గోల, నవ్వులు, పిల్లల ఏడుపులు.

ప్రోలయ్యకు తల తిరిగింది. "ఇదేమన్నా తిరనాళ్ళా? తిత్తి ఊదడానికి పదిమంది కూలీలను పెట్టాను కదా! అందరినీ పంపించెయ్యండి" అన్నాడు.

"అయ్యా, వాళ్ళు లేకుండా నేనెప్పుడూ పొయ్యలేదు. ఏ గంటలో ఎవరి ముక్క ఉందో చెప్పగలను. అది ఎవరి కోసమో మొహం చూసుకుని పోస్తాను" అన్నాడు నాగోజు.

"నువ్వు హాయిగా నీ పని చేసుకో నాగోజు, ఈ రద్దీ నీకెందుకు?" అంటూ ప్రోలయ్య అతని చేతికి వెండి మురుగు తొడిగాడు. గంటలకు అంకెలు చెక్కించాడు. ఒకటో గంట, రెండో గంట, మూడో గంట. ఏది ఏ రేవుకో నాగోజుకు చెప్పాల్సిన అవసరం అతనికి తోచలేదు.

నాలుగో గంట దగ్గర పని నెమ్మదించింది. మబ్బు పట్టిన రోజది. మంట రంగు తిరగలేదు. నాగోజు పొద్దున కూర్చున్నవాడు సాయంత్రం దాకా లేవలేదు. కూలీలు చెమటలు కక్కుతున్నారు. ప్రోలయ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. తొలకరి ముంచుకొస్తోంది మరి!

"ఇలా అయితే కుదరదు. రెండు జాములు కాగానే గడియ గంట కొడతారు. అది వినగానే పోసెయ్యాలి."

"అయ్యా, కంచుకు గడియలేం తెలుస్తాయి?"

"నాకు తెలుస్తాయిగా!" అన్నాడు ప్రోలయ్య. అని, ఊరుకోలేక పట్టు ఉత్తరీయం తెచ్చి కప్పాడు. నాగోజు అది మడిచి పక్కన పెట్టాడు.

ఆరో గంట వచ్చింది. నాగోజు తొలి దెబ్బ కొట్టాడు, చెవి ఆనించాడు, తల అడ్డంగా ఆడించి పగలగొట్టబోయాడు. ప్రోలయ్య గబుక్కున సుత్తి పట్టేసుకున్నాడు.

"పగలగొడితే మళ్ళీ ఆరు రోజులు! ఇకనుంచి తొలి దెబ్బ నాది. బాగుందో లేదో నేను చెబుతాను." ఠంగున కొట్టాడు. మోగింది. "భేషుగ్గా ఉంది!"

ఈసారి బహుమానం ఇల్లు. నల్లరాతి అరుగుల ఇల్లు. నాగోజు దణ్ణం పెట్టాడు. ఏ భావమూ లేని దణ్ణం. సుత్తి మాత్రం ఆ తర్వాత ముట్టుకోలేదు.

చూశారా పిల్లలూ! ఒక్కొక్కటి తీసేసుకుంటూ, తీసిన ప్రతిసారీ ఇంకోటి చేతిలో పెడుతూ వచ్చాడు. లెక్క సరిపోయిందనే అనుకున్నాడు పాపం.

ఏడో గంట నుంచి నాగోజు నోరు మెదపలేదు. గడియ కొట్టగానే పోశాడు. పోసి గోడకేసి తిరిగి కూర్చున్నాడు. "మనిషి దారికొచ్చాడు" అని ప్రోలయ్య సంతోషించాడు. పది గంటలూ తొలకరికి ముందే గట్టుకెక్కాయి. రాజుగారు మెచ్చుకున్నారు. గట్టు మీద నిలబడి కొట్టి చూస్తే అన్నీ ఘనంగానే మోగాయి. దగ్గర నిలబడితే ఏ గంటయినా మోగుతుంది కదా!

ఆషాఢంలో ఎగువన కుండపోత. మిట్టమధ్యాహ్నం కబురొచ్చింది, నీళ్ళు లేచాయని. కావలివాళ్ళు పదిమందీ గంటలు కొట్టారు. మిగతా లంకలు గట్టుకు దగ్గర కాబట్టి వాళ్ళంతా విని పడవలెక్కారు. నడిమిలంక ఎదురుగా ఉన్న కావలివాడు చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టాడు. లంక నుంచి ఒక్క పడవా కదల్లేదు. కాసేపటికి లంకే కనపడలేదు.

ప్రోలయ్య మూడు రోజులు గట్టు మీదే నిలబడ్డాడు. అన్నం ముట్టలేదు. నాలుగో రోజు అరటిబోదెలు పట్టుకుని కొట్టుకొచ్చిన కొద్దిమంది రేవుకు చేరారు. అందులో పేరమ్మ లేదు. ఆమె పెనిమిటీ లేడు.

"గంట కొట్టలేదేం దొరా?" అని అడిగాడు ఒక ముసలి పడవవాడు. "మీ అమ్మాయి పొద్దుట్నుంచీ చెవి గట్టువైపే పెట్టి కూర్చుంది. అందరూ పోదామంటే, గంట మోగితే కదా, మా నాన్న కట్టించిన గంట, మోగకుండా ఉంటుందా అంది."

ప్రోలయ్య గుండె చెరువైపోయింది. నేల మీద కూలబడ్డాడు. తర్వాత లేచి, ఒంటి మీద బురదతోనే, తిన్నగా నాగోజు కొట్టానికి వెళ్ళాడు. కోపంతో ఒళ్ళు ఊగిపోతోంది.

"ఏడో గంట మూగదని నీకు తెలుసా?"

"తెలుసు" అన్నాడు నాగోజు. గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

"తెలిసీ పోశావా?"

"మంట ఎర్రగానే ఉంది. గడియ కొట్టారు, పోశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"మొదట చెప్పాను. రెండోసారీ చెప్పాను. మూడోసారి సుత్తి లాక్కున్నారు. ఆ తర్వాత చెప్పాలని అనిపించడమే మానేసిందయ్యా. అది ఎప్పుడు మానేసిందో నాకే తెలీదు." నాగోజు తన అరచేతులు చూసుకున్నాడు. "ఇంతకీ ఏడో గంట ఏ రేవుది?"

ప్రోలయ్య అన్నాడు, "నడిమిలంకది. మా పేరమ్మ..."

నాగోజు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "అయ్యో! మువ్వ తెచ్చిన పిల్లా? ఆ పిల్లకా నేను అలాంటి గంట పోసింది? ఒక్క మాట, ఒక్క మాట చెప్పలేదేమయ్యా! నాకు అది ఏడో గంట, అంతే!" అని గుండెలు బాదుకుని ఏడ్చాడు. "నా తప్పు కూడా ఉంది. నోరుండీ ఊరుకున్నాను. ఈ చేతులు నావి కావనుకుని పోశాను."

ప్రోలయ్య కోపం ఎటు పోయిందో! అతనూ పక్కన కూర్చున్నాడు. ఇద్దరు ముసలివాళ్ళు చల్లారిన కొలిమి ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చారు.

మర్నాడు ప్రోలయ్య రాజుగారి ముందుకు వెళ్ళి, తలపాగా తీసి కింద పెట్టాడు. "ప్రభూ, తప్పు నాది. శిక్షించండి."

"అతనికి నువ్వేం తక్కువ చేశావయ్యా? వెండి, పట్టు, ఇల్లు కూడా ఇచ్చావు" అన్నారు రాజుగారు.

"ఇచ్చినవన్నీ నేను ఇవ్వదలచినవి ప్రభూ. తీసుకున్నవన్నీ అతనివి."

"శిక్ష సంగతి తర్వాత. ముందు ఆ గంట మళ్ళీ పోయించు. ఈసారి ఎలా పోయాలో అతన్నే అడుగు" అన్నారు రాజుగారు.

ఏడో గంటను బండికెక్కించి కంచరివీధికి తెచ్చారు. నాగోజు మొదట రానన్నాడు. చేతులు పనికిరావన్నాడు. ప్రోలయ్య బతిమాలలేదు, బహుమానం మాట ఎత్తలేదు. "నీకు ఎప్పుడు చెయ్యాలనిపిస్తే అప్పుడే" అని కొలిమి పక్కన కూర్చున్నాడు. మూడు రోజులు అలాగే కూర్చున్నాడు. నాలుగో రోజు పొద్దున్నే నాగోజు అచ్చు చేసే మైనం ముద్ద చేతిలోకి తీసుకున్నాడు.

గంట పోసే రోజున వీధంతా కదిలొచ్చింది. బతికి బయటపడ్డ నడిమిలంక వాళ్ళూ వచ్చారు. ఒకామె వరదలో వంగిపోయిన కంచుగిన్నె తెచ్చింది. ఎవరూ నవ్వలేదు, గోల చెయ్యలేదు. వంతులవారీగా తిత్తి ఊదారు. ప్రోలయ్య కూడా ఊదాడు. చివరికి కొంగుముడి విప్పినట్టు మెల్లగా పైపంచె మడత విప్పి, పేరమ్మ చిన్ననాటి కాలిపట్టీ తీశాడు.

నాగోజు దాన్ని వేళ్ళతో తడిమి చూశాడు. "ఒక మువ్వ తక్కువ" అన్నాడు.

"అది నువ్వు పోసిన కొండకనుమ గంటలో ఉంది కదా" అన్నాడు ప్రోలయ్య. పట్టీని మూసలో వేశాడు.

పొద్దు వాలుతోంది. మంట ఎర్రగానే ఉంది. మళ్ళీ మబ్బులు కమ్ముతున్నాయి. ప్రోలయ్య ఆకాశం చూశాడు, నాగోజును చూశాడు, నోరు మాత్రం విప్పలేదు. చాలాసేపటికి మంట చిలకపచ్చగా తిరిగింది. "ఇప్పుడు" అన్నాడు నాగోజు.

అచ్చు చల్లారాక తొలి దెబ్బ కొట్టి, చెవి ఆనించి, పగలగొట్టేశాడు. ఎవరూ ఎందుకని అడగలేదు. మళ్ళీ పోశాడు. రెండోదీ పగలగొట్టాడు. మూడోదాన్ని కొట్టి, చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, అలాగే ఉండిపోయాడు. నవ్వలేదు. కళ్ళవెంట నీళ్ళు కారాయి.

"పట్టుకెళ్ళి కట్టండి" అన్నాడు.

నీళ్ళు తీసిన నడిమిలంకకు నలుగురు మనుషులు ముందే వెళ్ళారు. గంట వినపడితే తెల్లగుడ్డ ఊపాలని కట్టడి. గట్టు మీద గంట కట్టారు. కావలివాడు కొట్టాడు. ఆ మోత ఏటి మీదుగా సాగుతూ, సాగుతూ పోయింది. ప్రోలయ్య చెయ్యి అడ్డం పెట్టుకుని అటే చూస్తున్నాడు.

దూరాన, ఒట్టి ఇసుక మేట మీద, తెల్లగుడ్డ ఊగింది.

"వినపడింది" అన్నాడు ప్రోలయ్య. "వినపడిందమ్మా, పేరమ్మా!" అని గంటకు తల ఆనించి భోరుమన్నాడు. నాగోజు పక్కన నిలబడి అతని వీపు నిమిరాడు.

ఆ తర్వాత కలువలేటికి ఎన్ని వరదలొచ్చినా నడిమిలంకలో ఒక్క ప్రాణమూ పోలేదంటారు. పోయినవాళ్ళు మాత్రం తిరిగి రాలేదు. ఇక్కడ మీరు ఊఁ కొట్టకపోయినా ఫరవాలేదు.

పనిచేసే మనిషి దగ్గర అతని మాటకున్న విలువ, తన పనిని తానే చూసి మెచ్చుకునే వీలు, తనవాళ్ళ తోడు, ఈ మూడూ తీసేసుకుని బదులుగా బంగారం పోసినా, ఆ చేతులు పని చేస్తాయే తప్ప మనసు పని చెయ్యదు.