నాగాంబ వేయించిన దండోరా

వసంతోత్సవంలో రంగు చల్లడానికని దొరగారు పక్క సంస్థానంలో వాడేసిన ఇత్తడి చిమ్మనగ్రోవిని కొని తెచ్చుకున్నారు. మొదటిసారి రంగునీళ్ళు మేడను తాకాయి. ఆపైన చిమ్మేకొద్దీ జోరు తగ్గి, చివరికి ఆయన కాళ్ళ మీదే పడ్డాయి. జనం నవ్వు దాచుకోలేక తలలు తిప్పుకున్నారు.

"దీని మీద ముద్ర ఆ సోమరి కాళాచారిదే కదూ! వాడి పెళ్ళాన్ని పిలవండి!" అని దొర మండిపడ్డారు.

కంచరి కాళాచారి కిందటేడు దివాణం బిందెలు కొట్టీ కొట్టీ చెయ్యి పడిపోతే, దొర అతన్ని సోమరి అని ఊరంతా దండోరా వేయించారు. ఆ అవమానంతో మంచం పట్టినవాడు మళ్ళీ లేవలేదు.

నాగాంబ వచ్చి గ్రోవి విప్పి చూసింది. లోపలి తోలుబిళ్ళ మెత్తగానే ఉంది. మూతిలో నలుసు లేదు. మగడి సుత్తిదెబ్బలను ఒకసారి తడిమి, కాడను నిదానంగా లాగి, నిండాక నెట్టింది. రంగు మేడ మీద పడింది.

"గ్రోవి మంచిదే దొరా. తమరు నిండనివ్వకుండానే నెడుతున్నారు. తెరిపి లేకుండా వాడితే జోరు తగ్గదా? ఆ తప్పు పనిముట్టుదా, వాడినవాళ్ళదా?"

కొన్న సరుకు మంచిదేనన్న సంబరంలో దొర, "వాడినవాళ్ళదేలే!" అన్నారు అందరి ముందూ.

"నా మగడి చేతికీ తమరు తెరిపి ఇవ్వలేదు. ఆ దండోరా తప్పని మళ్ళీ వేయించండి."

అంతమంది విన్న మాటను దొర వెనక్కి తీసుకోలేకపోయారు.

సాయంత్రం డప్పు వీధులు తిరిగింది. "కాళాచారి సోమరి కాడహో!"

గడపలో కూర్చున్న నాగాంబ డప్పువాణ్ణి ఆపింది.

"ఇంకాస్త గట్టిగా చెప్పు నాయనా. ఆయన చాలా దూరం వెళ్ళిపోయాడు."