ఎదురు ప్రదక్షిణ

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో నరసింహస్వామి గుడి ఉండేదిట, బంగారూ. ఆ రోజు తిరునాళ్ళు. పరాయి దేశపు ఓడ దిగి ఒకాయన గుడి చూడ్డానికి వచ్చాడు. ఆయన అసలు పేరు పలికితే నాకున్న రెండు పళ్ళూ ఊడతాయి కానీ, మనం పొడుగాయన అందాం.

గుడి మర్యాద ఎక్కడ తప్పుతానోనని పొడుగాయనకి ఒకటే బెంగ. అందుకని పదిమందీ ఏం చేస్తే అదే చేశాడు. ముందు చెప్పులు విప్పాడు. ఆ తర్వాత కాళ్ళు కడుక్కున్నాడు. ఆ తర్వాత వంగి గడపకి దణ్ణం పెట్టాడు.

ప్రదక్షిణ దగ్గర మాత్రం పప్పులో కాలేశాడు. గుండె ఎడమ పక్కన కదా ఉండేది, దేవుణ్ణీ ఆ పక్కనే ఉంచుకుందామనుకుని అందరికీ ఎదురు నడిచాడు, పిచ్చిమారాజు. అప్పుడు ఎర్ర పరికిణీ కట్టుకున్న నాలుగేళ్ళ పిల్ల ఏడుస్తూ ఎదురొచ్చి, జనంలో కలిసిపోయింది. కాసేపటికి జుట్టు రేగిపోయిన ఒకావిడ, ఆవిడా ఏడుస్తూనే ఎదురొచ్చింది.

అంతలో పూజారిగారు ఆయన్ని ఆపి, స్వామి మన కుడిచేతి వైపు ఉండాలి నాయనా అని చెప్పారు. పొడుగాయన సిగ్గుపడి, లెంపలేసుకుని, అందరితో పాటు తిరిగాడు. నాలుగు అంగల్లో ఆ ఏడుస్తున్నావిడని అందుకున్నాడు. ఓడ కళాసీల దగ్గర నేర్చుకున్న తెలుగు ముక్కలతో ఏమైందమ్మా అని అడిగాడు.

ఆవిడ పేరు నూకాలమ్మ. కూతురు పైడి చెయ్యి జారి తప్పిపోయిందట. మూడుసార్లు గుడి చుట్టూ తిరిగినా కనబడలేదట. సన్నాయిలూ డోళ్ళూ మోగుతుంటే పిలుపేం వినబడుతుంది?

"ఎర్ర పరికిణీయా?" అన్నాడు పొడుగాయన.

అప్పుడు తెలిసింది ఆయనకి. తల్లీ అటే నడుస్తోంది, పిల్లా అటే నడుస్తోంది, మధ్యలో గుడి అడ్డం. ఎంత తిరిగితే మాత్రం కలుస్తారు? ఒకచోట నిలబడితే దొరికేదేమో. కానీ బిడ్డ తప్పిపోయిన తల్లికి కాళ్ళు నిలుస్తాయా, నువ్వే చెప్పు.

ఇక ఎదురు నడవాలి. అది తప్పని ఇప్పుడే కదా చెప్పించుకున్నాడు! పరుగున పూజారిగారి దగ్గరికెళ్ళి, సంగతి చెప్పి చేతులు జోడించాడు. "అయ్యా, ఒక్కసారి తప్పు నడవనా?"

"బిడ్డని తల్లికి చేర్చే నడక తప్పెందుకవుతుంది నాయనా? పద," అని ఆయనే జనాన్ని పక్కకి తప్పించారు.

పొడుగాయన నూకాలమ్మని వెంటబెట్టుకుని ఎదురు నడిచాడు. మొదటి మూల తిరిగారు, లేదు. రెండో మూల తిరిగారు, లేదు. మూడో మూల తిరిగేసరికి ఎర్ర పరికిణీ కనబడింది. పైడి పరిగెత్తుకొచ్చి అమ్మ కాళ్ళని చుట్టేసుకుంది. తల్లి ఏడ్చింది, పిల్ల ఏడ్చింది, పొడుగాయనా ఏడ్చాడు. జనమంతా ఒక్క గొంతుతో గోవిందలు కొట్టారు.

ఆ తర్వాత పూజారిగారు స్వామివారి పట్టుబట్ట తెచ్చి పొడుగాయనకి తలపాగా చుట్టారు. సన్నాయిలు ముందు నడిచాయి. పైడి ఆయన భుజాలెక్కి, "ఇటు, ఇటు" అని దారి చూపించింది. స్వామిని కుడిచేతి వైపే ఉంచుకుని, రాజులాగా మూడు ప్రదక్షిణలు చేశాడు పొడుగాయన. ఒక్క అడుగు తప్పలేదు.

పైడి చేరె తల్లికి,
కథ నడిచె కంచికి,
నిద్దరొచ్చె మా బంగారు కంటికి.