అందరికంటే ముందు రాజుగారి ఓడ

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. మనం ఉంటున్న ఈ దూరపు ఊళ్లో చెప్పేవాళ్లు లేరు గనక నేనే చెబుతున్నాను. ఇందులో పడవలు మూడువందలని మా నాయనమ్మ, రెండువందలని మా మేనత్త అనేవారు. ఏది నిజమో తేల్చలేక రెండూ చెప్పేస్తున్నాను.

సముద్రపు ఒడ్డున ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ ఏలేవాడు. అక్కడొక కట్టుబాటు ఉండేది. ఏ ప్రయాణంలోనైనా రాజుగారి కంటే ముందు ఎవరూ వెళ్లకూడదు. వేటకైనా, గుడికైనా, ఆఖరికి భోజనానికైనా సరే.

ఆయనకు ఎదురుగా ఉన్న దీవిని జయించాలని బుద్ధి పుట్టింది. వేలమంది సైనికులు, ఏనుగులు, విజయగీతం రాయడానికి ముగ్గురు కవులు బయల్దేరారు. అందరికంటే ముందు రాజుగారి ఓడ. అన్నిటికంటే బరువైనదీ అదే. సింహాసనంతో పాటు స్నానపు రాతితొట్టి కూడా అందులోనే ఉంది మరి!

దీవి దగ్గర ఆ ఓడ ఇసుక మేటలో దిగబడింది. దాన్ని దాటి వెళ్లే ధైర్యం ఎవరికీ లేక వెనక పడవలన్నీ ఆగిపోయాయి. ఈలోగా ఆటు మొదలై నీరు వెనక్కి తీసింది. సైన్యమంతా బురదలో నిలబడింది.

పీతలు ఏరుకోవడానికి బుట్టలతో వచ్చిన దీవి ఆడవాళ్లు, "ఎవరింటికొచ్చారు నాయనా?" అని అడిగారు.

మళ్లీ నీరు రాగానే అందరూ ఇంటిముఖం పట్టారు.

సభలో విచారణ జరిగింది. తప్పంతా ఓడ నడిపిన సరంగు నూకన్నదని దండనాయకుడు తేల్చాడు.

"ముందే చెప్పాను మారాజా! నా చిన్న దోనెను ముందు పోనిస్తే గెడతో లోతు చూస్తానన్నాను" అన్నాడు నూకన్న.

"రాజుగారి కంటే ముందా? ఎంత పొగరు!" అన్నాడు దండనాయకుడు.

"రేపు ఉదయం వీణ్ణి యమలోకానికి పంపండి" అన్నాడు రాజు.

"నాకిద్దరు ఆడపిల్లలున్నారు మారాజా!" అని నూకన్న ఏడ్చినా ఎవరూ వినలేదు. ఆస్థాన విదూషకుడు భైరవయ్య మాత్రం విన్నాడు.

తెల్లవారి రాజు సభకు వచ్చేసరికి నడిమధ్య పూలతో అలంకరించిన పాడె ఉంది. దాని మీద తెల్లగొడుగు పట్టి ఉంది. పక్కనే సంకెళ్లతో నూకన్న నిలబడి ఉన్నాడు.

"ఎవరికయ్యా ఇది?"

"ప్రభువులకే" అన్నాడు భైరవయ్య వినయంగా. "నూకన్న యమలోకానికి ప్రయాణమయ్యాడు. తమకంటే ముందు వెళ్తే కట్టుబాటు తప్పుతుంది కదా! తమరు దయచేస్తే వాడు వెనకే వస్తాడు."

రాజు ముఖం జేవురించింది. "ఆ కట్టుబాటు పక్కన పెట్టవయ్యా!"

"ఆ మాట ఓడ మీద అనుంటే దీవి మనదయ్యేది, ప్రభూ."

రాజు పాడెను చూశాడు, నూకన్నను చూశాడు, పకపకా నవ్వాడు. రాజు కంటే ముందు నవ్వకూడదని అంతదాకా బిగబట్టుకున్న సభంతా అప్పుడు గొల్లుమంది.

నూకన్నకు ప్రాణం దక్కింది, భైరవయ్యకు రత్నాలహారం దక్కింది. దండయాత్ర మాత్రం మళ్లీ జరగలేదు. ఈసారి ముందుగా వెళ్లి చూసొచ్చిన నూకన్న, ఆ దీవిలో పీతలు తప్ప ఏమీ లేవని చెప్పాడు.

రేపు మీ పిల్లలకూ ఈ కథ చెప్పండి. పడవలు ఎన్నని అడిగితే, రెండు లెక్కలూ చెప్పండి.