పైడితల్లి ఒప్పుకున్న తప్పు

రండి, దగ్గరికి జరగండి. వసూ, దుప్పటంతా నువ్వే లాక్కోకే, తమ్ముడికి కాస్త వదులు. ఆఁ, వినండి మరి.

అనగనగా, అనగనగా, రాజుగారి కోటకి కూతవేటు దూరంలో ఒక ఊరు. ఆ ఊళ్ళో సింహాద్రి అని గాజులమ్మేవాడు, వాడి పెళ్ళాం పైడితల్లి. వాళ్ళకో పిల్ల, నీలాలు. మొగుడికీ పెళ్ళానికీ పడలేదు. ఆయన తూర్పంటే ఈవిడ పడమర. చివరికి పెద్దమనుషులు కూర్చుని తెగతెంపులు చేసేశారు. సరే, మరి పిల్ల? పిల్ల ఎవరి దగ్గరుండాలో రాజుగారు తేలుస్తారు, అందాకా తండ్రి దగ్గరే ఉండనీండి అన్నారు. పైడితల్లి ఊరి అవతలి కొసన చిన్న ఇల్లు చూసుకుని, విస్తళ్ళు కుట్టుకుంటూ ఆ తీర్పు కోసం కనిపెట్టుకుని కూర్చుంది.

ఊఁ కొడుతున్నారా, నిద్రపోయారా? కొట్టండి మరి.

ఒకనాడు పొద్దున్నే తెలిసింది, పిల్లకి జ్వరమని. చేతిలో ఆకు అక్కడే పడేసి పరిగెత్తింది. తలుపు కొట్టింది. తియ్యలేదు. లోపల్నించి పిల్ల అమ్మా అమ్మా అని ఏడుస్తోంది. ఇంక ఆగుతుందా తల్లి? రెండు చేతులా బాదింది. "ఒక్కసారి నుదురు ముట్టుకుని పోతాను, తలుపు తియ్యి" అంది. ఇరుగమ్మ తొంగి చూసింది, పొరుగమ్మ తొంగి చూసింది, తలుపు మాత్రం కదల్లేదు.

సింహాద్రి ఏంచేశాడు? తిన్నగా తలారి దగ్గరికి పోయాడు. ఈ మనిషి రోజూ వచ్చి నన్ను వేధిస్తోంది, తలుపులు బాదుతోంది, దారికి అడ్డం పడుతోంది అని చెప్పాడు. వాడు చెప్పింది తలారి విన్నాడు, తలారి విన్నది కరణానికి చెప్పాడు, కరణం చెప్పింది మంత్రి విన్నాడు, మంత్రి విన్నది రాజు నమ్మాడు. పైడితల్లి చెప్పింది మాత్రం గోడ విన్నది.

నిజానికి ఆవిడ వెళ్ళింది ఆ ఒక్కనాడే. మరి రోజూ అని ఎందుకు చెప్పాడంటావా? పిల్ల తీర్పు దగ్గర పడుతోంది కదే, అందుకు.

మంత్రి చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. ఆవిణ్ణి పక్కకి పిలిచి మెత్తగా చెప్పాడు.

"చూడమ్మా, ఇది చిన్న నేరం. చేశానని ఒప్పుకుంటే రాజుగారు నాలుగు చీవాట్లు పెట్టి వదిలేస్తారు. కాదని వాదించావనుకో, ఇది తేలేదాకా పిల్ల సంగతి విననే వినరు."

"చెయ్యనిది చేశానని ఎలా చెప్పనయ్యా?"

"నీకు పిల్ల కావాలా, మాట నెగ్గాలా?"

పిల్లే కావాలి. నిండు కొలువులో తల దించుకుని, రోజూ వెళ్ళాను, వేధించాను, తప్పయింది అంది. రాజుగారు మందలించి పంపేశారు. ఇంటికొచ్చి ఇల్లంతా అలుక్కుని, పిల్లకి చిన్న పక్క కూడా వేసి పెట్టుకుంది, పిచ్చితల్లి.

తీర్పు రోజు వచ్చింది. సింహాద్రి లేచి, చేతులు కట్టుకుని, ఎంత వినయంగా అడిగాడనుకున్నారు?

"మహాప్రభూ, వేధించానని తన నోటితోనే ఒప్పుకుంది. అలాంటి మనిషి చేతికి ఆడపిల్లనెలా ఇవ్వను?"

నిజమే కదా అన్నారు రాజుగారు. పైడితల్లి మంత్రి వంక చూసింది. మంత్రి తన ఉంగరం వంక చూసుకున్నాడు. అంతే, పిల్ల తండ్రికే. తల్లి పున్నమికోసారి కోట అరుగు మీద, తలారి ఎదట, కాసేపు చూసి పోవచ్చు.

చూసేది. మొదట్లో పిల్ల ఒళ్ళోకి దూకేది. తర్వాత్తర్వాత పక్కన కూర్చునేది. ఆ తర్వాత ఎదురుగా కూర్చునేది. ఒక పున్నమికి, "నాన్నని వేధించావటగా?" అని అడిగింది. లేదమ్మా అందామంటే పక్కనే తలారి. రాజు ముందు అబద్ధమాడావా అని మీదపడతాడు, ఆ చూపు కూడా లేకుండా పోతుంది. పొద్దున్నేం తిన్నావమ్మా అని మాట మార్చేసింది.

నీలాలు పెద్దదయింది. పొరుగమ్మ ఒకనాడు ఉండబట్టలేక చెప్పేసింది, మీ అమ్మ వచ్చింది ఆ ఒక్కనాడేనే, నీకు జ్వరమని వచ్చింది అని. నీలాలు ఆ మధ్యాహ్నమే బట్టలు మూటకట్టుకుని తల్లి ఇంటికి వచ్చేసింది. ఇంక ఇక్కడే ఉంటానమ్మా అంది.

ఏమిటీ? అందరూ సుఖంగా ఉన్నారా అనా? ఉన్నారు. రాజుగారికేం, సుఖంగానే ఉన్నారు. మంత్రీ ఉన్నాడు. సింహాద్రి మళ్ళీ పెళ్ళి కూడా చేసుకున్నాడు. తల్లీ పిల్లా ఒకచోటే ఉన్నారు. వచ్చిన రోజున పైడితల్లి సంబరంగా గుత్తొంకాయ కూర వండి, విస్తట్లో వడ్డించింది. పిల్ల ముట్టలేదు. వంకాయ తింటే ఒళ్ళంతా దద్దుర్లట. తల్లికి దూరమయ్యాక మొదలయిందట, ఏళ్ళయిందట. తల్లికి తెలీదు.

అందుకే చెప్తున్నా. చిన్న తప్పే కదా, ఒప్పేసుకో అని ఎవరెంత మెత్తగా చెప్పినా, చెయ్యంది నెత్తినేసుకోకండి. మోసేది మీరు, చెప్పినవాళ్ళు కాదు.

ఇంక కథ కంచి దారి పట్టింది, మీరు కళ్ళు మూసుకోండి.