నూకాలు ఊకబూడిద

వెనకటికి ఒక కోటలో నూకాలు అని వడ్లు దంచే మనిషి ఉండేది. మహా గట్టిది. ఆమె ఇంటిముందు ఊకకుప్ప చూసి కోటలో కట్టడాలు కట్టించే స్థపతి విరూపాక్షయ్య ముక్కు మూసుకున్నాడు.

"ప్రభూ, ఈ చెత్తనీ దీన్నీ కోట బయటికి గెంటించండి" అన్నాడు పక్కనే ఉన్న రాజుతో.

"చెత్తేమిటి దొరా? ఊక కాల్చిన బూడిద సున్నంలో కలిపి కడితే నీళ్లతొట్టి చుక్క కారదు. ఈయన కట్టించినవన్నీ కారుతున్నాయి గదా!" అంది నూకాలు.

రాజు ఇద్దరి పద్ధతిలోనూ చెరో తొట్టి కట్టించమన్నాడు. ఓడితే నూకాలు ఊరొదిలి పోవాలి.

స్థపతి ఎండకి జడిసి పని దగ్గరికే రాలేదు. కూలీలే కట్టారు. నూకాలు రెండూ ఒకేలా కనబడేలా పైన తెల్లసున్నం పూయించింది.

రెండిట్లోనూ నీళ్లు నింపిన పదిరోజులకి ఒక తొట్టి ఎండిపోయింది, రెండోది నిండుగా ఉంది.

"మీది ఏది బాబూ?" అని రాజు ఎదుటే అడిగింది నూకాలు.

స్థపతి మీసం దువ్వి నిండుతొట్టి చూపించాడు. "ఇంకేది? ఇదే!"

"అయితే గీకించండి ప్రభూ."

గీకితే తెల్లపూత కింద ఊకబూడిద బయటపడింది.

రాజు నవ్వి, "నీ కుప్ప ఇక కదలదు, వెళ్లు" అన్నాడు.

"ఎందుకు కదలదు ప్రభూ? రేపట్నించి స్థపతిగారే ఊకకోసం బుట్ట పట్టుకుని నా గుమ్మంలో నిలబడతారు గదా!" అంది నూకాలు.