చుక్కల కోడికి డ్రెస్సింగ్

నాగరత్నమ్మ పెరట్లో చుక్కల కోడికి ఇనప కంచె గీరుకుని కాలు తెగింది. పశువుల డాక్టరు ఫోన్లో, "సాయంత్రం వచ్చి డ్రెస్సింగ్ చేస్తా" అన్నాడు. అంతే, కోడి కుంటుకుంటూనే పెరడంతా దండోరా వేసింది.

"నాకు డ్రెస్సు కుట్టిస్తున్నారు. డాక్టరే వచ్చి తొడుగుతాడట."

కంచె అవతల జొన్నచేలో నక్క నక్కి ఉంది. దాని వినయం చూడాలి మరి, తల వంచి మరీ పలకరించింది.

"అయ్యో అక్కా, డ్రెస్సింగంటే బట్టలనుకున్నావా? సెంటర్లో కోళ్ల దుకాణం వాడు పొద్దస్తమానం చేసేది అదే. ఈకలు పీకి, తోలు ఒలిచి, శుభ్రంగా కడిగి కవర్లో వేసిస్తాడు."

కోడికి గుండె జారిపోయింది. ఆ దుకాణానికి వెళ్లిన దాని చుట్టాలెవరూ తిరిగి రాలేదు.

"ఇప్పుడేం చేయను తమ్ముడూ?"

"ఈ కంతలోంచి ఇవతలికి రా. మా ఇంట్లో దాక్కుందువుగాని."

కోడి కంతలో తల దూర్చింది. కొట్టం దగ్గర నెమరేస్తున్న ముసలి ఎద్దు అది చూసింది.

"ఆగవే పిచ్చిదానా. కాడి ఒరుసుకుని నా మెడ పుండైతే ఆ డాక్టరే డ్రెస్సింగ్ చేశాడు. మందు రాసి కట్టు కట్టాడు. నా తోలు నా ఒంటిమీదే ఉందిగా."

"ఎద్దుకు కట్టు, కోడికి కత్తి. ఎవరి డ్రెస్సింగ్ వాళ్లది తాతా" అంది నక్క.

ఎద్దు నెమరు ఆపి తల ఊపింది.

"ఆ ఇంగ్లీషు మాటకు మొదట్లో సరిచేయడమనే అర్థమట. డాక్టరే ఎవరితోనో అంటుంటే విన్నా. ఒంటికి బట్ట వేసినా, పుండుకి కట్టు కట్టినా, కోడిని కూరకి కోసినా అన్నిటికీ అదే మాటట. అందులో నీకు చేసేది ఏదో తేల్చి చెప్పడం నాకూ రావట్లేదే అమ్మా."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కోడి కంతలోంచే నక్కను అడిగింది.

"తమ్ముడూ, మీ ఇంట్లో మాత్రం నాకు డ్రెస్సింగ్ చేయరు కదా?"

నక్కకు అప్పటికే నోట్లో నీళ్లూరుతున్నాయి.

"ఛ, ఒట్టు. మా ఇంట్లో ఆ గొడవే లేదక్కా, ఈకలతో సహా నమిలే..." అని నాలుక కరుచుకుంది.

కోడి ఒక్క ఉరుకున వచ్చి ఎద్దు కాళ్ల మధ్య దూరింది. ఎద్దు కొమ్ములు విసిరితే నక్క చేలో పడి పరుగో పరుగు.

సాయంత్రం డాక్టరు సంచి తెరుస్తుంటే కోడి కళ్లు మూసుకుంది. మందు చల్లగా తగిలింది, కాలికి తెల్లటి కట్టు పడింది. ఒక్క ఈక కూడా ఊడలేదు.

"హమ్మయ్య, బతికిపోయాను తాతా" అని ఎద్దు పక్కన కూలబడి హాయిగా కునుకు తీసింది.

మాటకు ఎన్ని అర్థాలైనా ఉండనీ, చెప్పేవాడి ఆకలి చూసి అర్థం చేసుకోవాలి.