గడ్డి కూరిన దూడ

అనగనగా, వానలు ఎక్కువగా కురిసే ఒక కొండకింద ఊళ్ళో పైడమ్మ అనే పిల్ల ఉండేదే చిట్టీ. నీ ఈడుదే. వాళ్ళమ్మకి జబ్బుచేసి పాలు పడలేదు. అందుకని పైడమ్మ చంటితమ్ముడికి ఇంట్లో గేదె పాలే ఆధారం.

ఆ గేదె ఈనింది. దూడకి నుదుటిమీద తెల్లమచ్చ. మచ్చడు అని పేరు పెట్టుకుని, పైడమ్మ పొద్దస్తమానం వాడి మెడ పట్టుకునే తిరిగేది. అప్పుడు మచ్చడికి పారుడురోగం పట్టుకుంది. తెల్లారి చూస్తే కట్టెలా బిగుసుకుపోయి ఉన్నాడు.

పిల్ల ఏడుపు ఆపలేక వాళ్ళ నాన్న దాన్ని మేనత్త ఇంట్లో దిగబెట్టి వచ్చాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి పైడమ్మ తిరిగొచ్చింది. వస్తూనే కొట్టంలోకి తొంగిచూసి కొయ్యబారిపోయింది. మచ్చడు నిలబడి ఉన్నాడు! గేదె వాణ్ణి నాకుతోంది. నాన్న కూర్చుని పాలు పితుకుతున్నాడు.

"నాన్నా! మచ్చడు బతికాడా!" అంటూ పరుగెత్తి వాటేసుకుంది. లోపల గరగరమంది. కళ్ళు ఉండాల్సిన చోట కుట్లు. కాళ్ళలో వెదురుకర్రలు. పిల్ల కెవ్వుమంది.

దగ్గరికి జరుగు చిట్టీ, భయపడకు.

అప్పుడు పైడమ్మ, తోలుపని చేసే ఎర్రయ్య దగ్గరికి పరుగెత్తింది. "తాతా, మచ్చడి తోలు ఒలిచింది నువ్వేనా?"

"నేనేనమ్మా. ఉప్పు రాసి, ఎండబెట్టి, గడ్డి కూరి కుట్టాను. దూడ కనబడకపోతే గేదె చేపదు. పొదుగులోంచి పాలు వదలదు. మీ తమ్ముడేం తాగుతాడు?"

"మరి చెప్పుల తోలులా గట్టిగా చెయ్యలేదేం? వాడు కుళ్ళిపోడూ?"

"తంగేడుచెక్క నీళ్ళలో నానబెడితే తోలు ఏళ్ళతరబడి ఉంటుంది. కానీ దూడ వాసన పోతుంది. వాసన పోతే తల్లి పోల్చుకోదమ్మా."

పైడమ్మ తల దించుకుని ఇంటికొచ్చేసింది. ఆ రోజునుంచి పాలు ముట్టలేదు.

ఆ తర్వాత ముసురు పట్టింది. పచ్చితోలు చెమ్మకి ఉబ్బి కంపుకొట్టింది. గేదె నాకినచోటే నాకుతుంటే ఒక పొద్దున పొట్ట దగ్గర కుట్లు తెగి, గడ్డి బయటికొచ్చింది. గేదె వాసన చూసింది. చూసి, ఆ పొట్టలో మూతిపెట్టి, గడ్డి లాక్కుని నమలడం మొదలుపెట్టింది.

"అమ్మా! మచ్చణ్ణి తినేస్తోందే!"

వాళ్ళమ్మ పరుగున వచ్చి, నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని నిలబడిపోయింది. నాన్న చేతిలో చెంబు జారింది.

ఎర్రయ్య వచ్చి మళ్ళీ కుట్టిపెడతానన్నాడు. "వద్దు తాతా," అంది పైడమ్మ. ఆ తోలుని పైడమ్మే గుండెలకి హత్తుకుని మోసుకెళ్ళింది, దడి పక్కన పాతిపెట్టారు.

సాయంత్రం గేదె చేపలేదు. కాలు విసిరింది, అరిచింది. లోపల చంటాడు ఆకలికి గుక్కపట్టాడు.

అప్పుడు పైడమ్మ మెల్లగా వెళ్ళి, దూడ నిలబడేచోట తను నిలబడింది.

"పక్కకి రావే, తంతుంది!" అన్నాడు నాన్న.

పిల్ల కదల్లేదు. గేదె ముక్కు ఆనించి దాని తల మూచూసింది. మెడ మూచూసింది. చేతులు మూచూసింది. ఆ తర్వాత గరుకు నాలుకతో చెంప నాకింది.

నాన్న పొదుగు తడిమి, "చేపిందే!" అన్నాడు.

చెంబులో జుయ్ జుయ్‌మని పాలు పడుతున్నంతసేపూ పైడమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, చెంప అలాగే ఇచ్చి నిలబడింది.

కథ కంచి దారి పట్టె,
కంటికేమో కునుకు పట్టె.
పాలచెంబు ఉట్టికెక్కె,
పాపాయి మంచమెక్కె.